లోపభూయిష్ట మెమొరీ నిర్వహణ

కంప్యూటరులోని ర్యామ్‌లో కొంత భాగం చెడిపోయినపుడు, ఆ భాగాన్ని గుర్తించి, వాడకం నుండి తప్పించి, మిగిలిన మెమొరీతో పని కొనసాగించడానికి ఆపరేటింగ్ సిస్టమ్ అనుసరించే పద్ధతులను లోపభూయిష్ట మెమొరీ నిర్వహణ అంటారు.

ప్రాముఖ్యత

మెమొరీలో ఒక్క బిట్టు తారుమారైనా లెక్క తప్పవచ్చు. ఆ తప్పు ఎవరికీ తెలియకుండానే డిస్కులోకి చేరవచ్చు. 2003 మే 18న జరిగిన బెల్జియం ఎన్నికలలో, స్కార్‌బేక్‌లో ఒక అభ్యర్థికి 4096 ఓట్లు అదనంగా నమోదయ్యాయి. రావడానికి వీలున్న ఓట్లను మించిపోవడంతో పొరపాటు బయటపడింది. 4096 అనేది 2 యొక్క 12వ ఘాతం కనుక, ఒక బిట్టు తారుమారు కావడమే కారణమని నిపుణులు భావించారు.

దోషాలలో రకాలు

* తాత్కాలిక దోషాలు: ఆల్ఫా కణాలు, విశ్వకిరణాల వంటి వాటి వలన బిట్టు విలువ మారుతుంది. చిప్పుకు హాని ఉండదు.
* శాశ్వత దోషాలు: చిప్పులోని ఒక గడి గాని, వరుస గాని పాడవుతుంది. అదే చిరునామాలో దోషం మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంది.

టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన బియాంకా ష్రోడర్, గూగుల్ పరిశోధకులు కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, గూగుల్ సర్వర్లలోని మెమొరీ పలకలలో 8 శాతానికి పైగా ఏడాదిలో కనీసం ఒక్క దోషానికైనా లోనయ్యాయి.

గుర్తింపు

ఈసీసీ మెమొరీ ఒక బిట్టు దోషాన్ని సరిదిద్దుతుంది, రెండు బిట్ల దోషాన్ని గుర్తిస్తుంది. ఈ సౌకర్యం లేని కంప్యూటర్లలో మెమ్‌టెస్ట్86 వంటి ప్రోగ్రాములతో పరీక్షించాలి.

నిర్వహణ

ఆపరేటింగ్ సిస్టమ్ మెమొరీని పేజీలుగా, సాధారణంగా 4096 బైట్ల చొప్పున, విభజిస్తుంది. చెడిన పేజీని ఎవరికీ కేటాయించకుండా పక్కన పెడితే మిగిలినది యథావిధిగా పనిచేస్తుంది. లినక్సులో మెమ్‌మ్యాప్ అనే బూటు పరామితితోను, విండోస్‌లో బ్యాడ్‌మెమొరీలిస్ట్ అనే అమరికతోను ఇది సాధ్యం. రిక్ వాన్ రైన్ రూపొందించిన బ్యాడ్‌ర్యామ్ ప్యాచ్ కూడా ఇందుకు ఉద్దేశించినదే గాని, అది ప్రధాన లినక్సు కెర్నలులో చేరలేదు.

2009లో విడుదలైన లినక్సు 2.6.32లో, కంప్యూటరు నడుస్తుండగానే చెడిన పేజీని తొలగించే సదుపాయం చేరింది. పేజీలోని సమాచారానికి డిస్కులో సరైన ప్రతి ఉంటే దానిని తిరిగి చదువుకోవచ్చు. లేకుంటే ఆ పేజీని వాడుతున్న ప్రోగ్రామును మాత్రమే ఆపివేస్తుంది. తప్పుడు సమాచారంతో కొనసాగడం కంటే ఆగిపోవడమే మేలన్నది ఇందులోని సూత్రం.

పరిమితులు

దోషం కెర్నలు స్వయంగా వాడుతున్న భాగంలో ఉంటే ఈ పద్ధతులు చాలా వరకు పనిచేయవు. చిరునామా తీగ చెడితే దోషాలు మెమొరీ అంతటా వ్యాపిస్తాయి కనుక, పేజీలను తప్పించడం వలన ప్రయోజనం ఉండదు. అటువంటపుడు మెమొరీ పలకను మార్చడమే పరిష్కారం.