పుట్టమన్ను నుంచి పూలగోపురం దాకా

బతుకమ్మ అనగానే పాట, చప్పట్లు గుర్తొస్తాయి. కానీ ఆటకు ముందు ఇంటిల్లిపాదీ చేసే పని ఒకటుంది, పేర్చడం. హైదరాబాద్ శివారులోని శంషాబాద్ చుట్టుపక్కల పల్లెల్లోనూ మగవాళ్లు, పిల్లలు పూలు కోసుకొస్తే ఆడవాళ్లు బతుకమ్మను నిలబెడతారు.

పిల్లలకు ఈ పనిలో తొలి పాఠం బొడ్డెమ్మ. మహాలయ అమావాస్యకు ముందు రోజుల్లో పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్ను తెచ్చి, పీట మీద అంతస్తులుగా పేర్చి, ఎర్రమట్టితో అలికి, ముగ్గులేసి, పైన కలశం పెడతారు. అడుగున వెడల్పు, పైకి పోనుపోను సన్నం. అమావాస్య రాగానే అదే ఒడుపు పూలకు మారుతుంది.

ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు. ఆరోనాడు అమ్మ అలిగిందని పేర్చరు. మిగిలిన రోజుల్లో తాంబాలంలో గుమ్మడాకులు పరిచి, పూలను కాడలు లోపలికి వచ్చేలా చుట్టూ వరుసలుగా పేరుస్తారు. నడిమి ఖాళీని ఆకులు, తుంచిన కాడలతో గట్టిగా నింపాలి. అది వదులైతే పై వరుసలు ఒరిగిపోతాయి. గునుగు పూలను సమంగా కత్తిరించి, కట్టలు కట్టి, రంగుల్లో అద్దుతారు. చివరన గుమ్మడి పువ్వు, పసుపు గౌరమ్మ.

బతుకమ్మ పుట్టుక గురించి కథలు చాలానే ఉన్నాయి. నూరుగురు కొడుకులను పోగొట్టుకున్న చోళరాజు ధర్మాంగదుడికి, సత్యవతికి లక్ష్మీదేవే కూతురై పుట్టిందని ఒక కథ. కథలో రాజులున్నారు గానీ, బతుకమ్మను పేర్చడానికి ముఖ్యమైన సరుకు మాత్రం ఎవరూ నాటనిది. తంగేడు బీళ్లలో పూస్తుంది. గునుగు జొన్నచేలలో కలుపు. వానాకాలం ముగిసేవేళ, చెరువులు నిండే రోజుల్లో ఇవి విరగబూస్తాయి. పండుగ ఆ తరుణానికే వస్తుంది.

తెలంగాణ ఏర్పడిన 2014లోనే బతుకమ్మ రాష్ట్ర పండుగయింది, తంగేడు రాష్ట్ర పుష్పమయింది. అప్పటికే శంషాబాద్ నేల మారిపోయింది. దాదాపు 5,500 ఎకరాల్లో విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకుంది, చుట్టూ వెంచర్లు పరుచుకున్నాయి. నగరంలో పూలు కావాలంటే గుడిమల్కాపూర్ మార్కెట్ ఉంది. అక్కడ బంతి, చామంతి ఎంతైనా దొరుకుతాయి, ఎందుకంటే వాటిని రైతులు సాగుచేస్తారు. తంగేడు, గునుగు మాత్రం బీళ్లను, చేలగట్లను నమ్ముకున్నవి. పేర్చే ఒడుపును అమ్మలు పిల్లలకు నేర్పగలరు. ఆ పూలు పూసే నేలను మిగల్చడం ఒక్క ఇంటివల్ల అయ్యేది కాదు, ఊరంతా అనుకోవాలి.