ఉక్కు నగరంలో సాయంత్రపు పెగ్గు

సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమ సాక్చి అనే పల్లె చుట్టూ పెరిగిన జంషెడ్‌పూర్ చరిత్రను ఉక్కు ఉత్పత్తి లెక్కల్లోనూ, కార్మికుల సమ్మెల్లోనూ చదవడం చరిత్రకారులకు అలవాటు. పని ముగిసిన తరువాత ఆ నగరం ఏం తాగింది, ఎవరి పక్కన కూర్చుని తాగింది, ఎవరి తాగుడును మర్యాద అని, ఎవరి తాగుడును వ్యసనమని పిలిచింది అన్న ప్రశ్నలకు కూడా ఆ చరిత్రలో చోటు ఉండాలి. విస్కీ, అందులోనూ స్కాట్లండ్‌లో తయారయ్యే స్కాచ్, ఈ ప్రశ్నలను పరిశీలించడానికి మంచి ఆధారం. సాయంత్రపు పానీయంగా దానికి దక్కిన గౌరవం రుచి వల్ల ఎంత వచ్చిందో, దాని చుట్టూ అల్లుకున్న వేళ, కొలత, తోడు అనే మూడు కట్టుబాట్ల వల్ల కూడా అంతే వచ్చింది.

మఠం నుండి క్లబ్బు దాకా

స్కాట్లండ్ రాజకోశపు లెక్కల్లో 1494 నాటి ఒక పద్దు, జాన్ కోర్ అనే క్రైస్తవ సన్యాసికి మద్యం కాయడానికి మాల్టు ఇచ్చినట్టు చెబుతుంది. ఆ దేశంలో బట్టీ సారాయికి దొరికే తొలి లిఖిత సాక్ష్యం ఇదే. మాల్టు అంటే బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టిన ధాన్యం. మన ఇళ్లలో రాగులను మొలకెత్తించి చేసే రాగి మాల్టు పద్ధతి కూడా ఇదే. మొలకెత్తిన గింజలోని పిండి పదార్థం చక్కెరగా మారడానికి సిద్ధమవుతుంది. ఆ చక్కెరను ఈస్టుతో పులియబెట్టి, రాగి బట్టీలో కాచి, ఆవిరిని చల్లార్చి పట్టి, ఓక్ చెక్క పీపాల్లో ఏళ్ల తరబడి నిల్వ చేస్తే విస్కీ అవుతుంది. కొన్ని ప్రాంతాల్లో మాల్టును పీట్ పొగ మీద ఆరబెడతారు. పీట్ అంటే చిత్తడి నేలల్లో శతాబ్దాలుగా పేరుకుపోయిన, సగం కుళ్లిన మొక్కల పొర. ఐలా దీవి విస్కీల్లో వచ్చే పొగ వాసనకు మూలం అదే.

విస్కీ స్కాట్లండ్ కొండల నుండి దిగి ప్రపంచమంతా పాకడానికి 19వ శతాబ్దపు మూడు పరిణామాలు తోడ్పడ్డాయి. 1823 నాటి ఎక్సైజు చట్టం లైసెన్సు తీసుకుని కాయడాన్ని లాభసాటిగా మార్చి దొంగ బట్టీలను తగ్గించింది. 1830లో ఈనియస్ కాఫీ పేటెంటు పొందిన నిలువు బట్టీ, ధాన్యం నుండి తేలికపాటి మద్యాన్ని ఆగకుండా, చవకగా తీసే వీలు కల్పించడంతో, దానిని ఘాటైన మాల్టు విస్కీతో కలిపి ఏటా ఒకే రుచి వచ్చేలా మిశ్రమాలు తయారుచేసే వ్యాపారులు పుట్టుకొచ్చారు. 1860ల నుండి ఫిలాక్సెరా అనే పురుగు ఫ్రాన్సు ద్రాక్ష తోటలను నాశనం చేయడంతో బ్రాందీ కరువై, బ్రిటిష్ సంపన్నుల బల్ల మీద ఆ స్థానాన్ని విస్కీ ఆక్రమించింది.

ఈ మార్పు భారతదేశంలో స్పష్టంగా కనబడింది. బ్రాందీ పానీ అడిగే దొరలు క్రమంగా విస్కీ సోడాకు మళ్లారు. ఉష్ణదేశపు ఉక్కపోతలో ఘాటైన మద్యాన్ని సోడాతో పొడిగించి నింపాదిగా తాగడం, పొద్దు వాలిన తరువాతే తొలి గ్లాసు ముట్టడం క్లబ్బు జీవితపు నియమాలయ్యాయి. పోసే కొలతకు పెగ్గు అని పేరు. ఇప్పటి లెక్కలో 30 మిల్లీలీటర్లు చోటా పెగ్గు, 60 మిల్లీలీటర్లు బడా పెగ్గు. మద్రాసులో 1826లో ఆంగస్ మెక్‌డోవెల్ స్థాపించిన వర్తక సంస్థ విదేశీ మద్యాన్ని దిగుమతి చేసుకోగా, ఎడ్వర్డ్ డయ్యర్ హిమాలయ పాదాల్లోని కసౌలీలో ప్రారంభించిన వ్యాపారం దేశంలోనే మద్యం తయారీకి పునాది వేసింది.

కొలిమి పక్కన క్లబ్బు

టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ 1907లో ఏర్పడింది. సాక్చిలో 1911 డిసెంబరు 2న తొలి ఇనుము, 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె బయటకు వచ్చాయి. పెట్టుబడి భారతీయులదే అయినా, కొలిమిని నడిపే నైపుణ్యం అప్పటికి బయటి నుండే రావలసి ఉండడంతో అమెరికన్, జర్మన్, బ్రిటిష్ నిపుణులు ఈ అడవి అంచుకు చేరారు. పట్టణపు తొలి ప్రణాళికను కూడా అమెరికా ఉక్కు నగరమైన పిట్స్‌బర్గ్‌కు చెందిన జూలియన్ కెన్నెడీ సంస్థే గీసింది. ఉన్నతోద్యోగుల బంగళాలు నార్తర్న్ టౌన్‌లోనూ, కార్మికుల ఇళ్లు, బస్తీలు వేరే దిక్కుల్లోనూ వెలిశాయి. ఆ విభజనకు తగ్గట్టే సాయంత్రాలు కూడా విడిపోయాయి. బెల్డీ క్లబ్బు వంటి చోట్ల తొలి దశాబ్దాల్లో విదేశీ అధికారులదే ప్రాబల్యం.

ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటి ఉంది. 1920 జనవరి నుండి 1933 డిసెంబరు దాకా అమెరికా దేశమంతటా మద్యం తయారీ, అమ్మకం రాజ్యాంగ సవరణ ద్వారా నిషిద్ధమయ్యాయి. స్వదేశంలో విందు కోసం చట్టప్రకారం పెగ్గు కొనలేని రోజుల్లో, జంషెడ్‌పూర్‌లో కొలువున్న అమెరికన్ ఇంజనీరుకు అది బహిరంగంగా దొరికే సరుకే. 1930 నుండి 1938 వరకు జనరల్ మేనేజరుగా పనిచేసి, ఆ అనుభవాలను తరువాత పుస్తకంగా ప్రచురించిన జాన్ కీనన్ ఆ తరానికి చెందినవాడే.

స్కాట్లండ్‌తో ఈ నగరానికి సూటి సంబంధం గోల్మురి పేటలో కనిపిస్తుంది. 1920లో టిన్‌ప్లేట్ కంపెనీ ఆఫ్ ఇండియాను టాటా సంస్థతో కలిసి స్థాపించిన బర్మా ఆయిల్ కంపెనీ, 1886లో గ్లాస్గో నగరంలో పుట్టిన స్కాటిష్ సంస్థ. కిరసనాయిలు డబ్బాలకు కావలసిన తగరపు పూత రేకును ఇక్కడే తయారుచేయడం దాని ఉద్దేశం. ఆ పనిలో ఆరితేరిన వేల్స్ కార్మికులను సముద్రాలు దాటించి తీసుకువచ్చారు. గ్లాస్గో పెట్టుబడి, వేల్స్ పనితనం, స్థానిక శ్రమ కలిసిన ఆ పేటలో క్లబ్బు, గోల్ఫ్ మైదానం వెలిశాయి. అదే గోల్మురిలో 1929లో టిన్‌ప్లేట్ కార్మికులు నెలల తరబడి సమ్మె చేశారు.

మరో సాయంత్రం

టాటా ఉక్కు కంపెనీ 1912లోనే ఎనిమిది గంటల పనిదినాన్ని అమలు చేసింది. అయితే కొలిమిని ఆర్పడం కుదరదు కాబట్టి పని మూడు షిఫ్టుల్లో సాగింది. అందువల్ల ఉక్కు కార్మికుడికి సాయంత్రం అనేది సూర్యుడితో ముడిపడిన వేళ కాదు. ఒకరికి అది మధ్యాహ్నమే మొదలైతే, మరొకరికి నడిరేయికి గానీ రాదు. ఆ విరామంలో కార్మికుడి చేతికి అందింది స్కాచ్ కాదు. ఈ నేల మీద హో, సంథాల్ ఆదివాసులు తరతరాలుగా అన్నాన్ని రాను అనే మూలికల బిళ్లలతో పులియబెట్టి చేసుకునే హండియా ఉంది, మహువా పూలతో కాచిన సారా ఉంది. హండియా వారికి పండుగలోనూ, పెళ్లిలోనూ, పూర్వికుల పూజలోనూ భాగం.

మహువా అంటే మన ఇప్ప. బెంగాల్ నాగపూర్ రైల్వే దారిలో శ్రీకాకుళం, విజయనగరం, గంజాం ప్రాంతాల నుండి వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇప్పసారా కొత్తది కాదు, తాటికల్లు, ఈతకల్లు అంతకన్నా కాదు. గురజాడ అప్పారావు 1909 నాటి ‘కన్యాశుల్కం’ రెండో కూర్పులో సారా దుకాణాన్ని, అక్కడ చేరిన బైరాగిని రంగం మీదికి తెచ్చారంటే, ఆ ప్రాంతపు జీవితంలో దానికున్న చోటు అర్థమవుతుంది. జంషెడ్‌పూర్ తెలుగువారు బిష్టుపూర్‌లో రామమందిరాన్ని, కద్మాలో సాంస్కృతిక సంఘాలను నిలబెట్టుకున్నారు. వారి సాయంత్రాల్లో భజనకు, నాటకానికి, చదువుకు దక్కిన చోటును మరచి, ఉక్కు నగరపు సాయంత్రమంటే గ్లాసు మాత్రమేనని అనుకోవడం పొరపాటు.

ఒకే నగరంలో ఒకరి పెగ్గు సంస్కృతిగానూ, మరొకరి దోసిట్లోని హండియా దురలవాటుగానూ లెక్కకు రావడం వలస పాలన మిగిల్చిన అన్యాయమైన తూకం. తాగే పదార్థపు ధర బట్టి మనిషి శీలాన్ని నిర్ణయించే ఆ అలవాటు స్వాతంత్ర్యం తరువాత కూడా పూర్తిగా పోలేదు.

నిషేధాల నడుమ

రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబరు 1న సేలం జిల్లాలో ప్రారంభించిన మద్యనిషేధం 1948 నాటికి తెలుగు కోస్తా జిల్లాలతో సహా మద్రాసు రాష్ట్రమంతటా వ్యాపించింది. ఆంధ్రప్రదేశ్‌లో 1969లో అది సడలింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు లేవదీసిన సారా వ్యతిరేక ఉద్యమం 1993లో సారా నిషేధానికీ, 1995 జనవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ నిషేధానికీ దారితీసింది. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తివేసింది. ఆ ఉద్యమం వెనుక ఉన్నది భర్తల కూలి డబ్బు సారా కొట్టుకు పోవడం వల్ల ఆకలితో మాడిన ఇళ్ల కన్నీరు. సాయంత్రపు పెగ్గును మెచ్చుకునే ఏ రచన అయినా దూబగుంటను దాటవేస్తే అది అసత్యమే అవుతుంది. బీహారు 2016 ఏప్రిల్‌లో సంపూర్ణ నిషేధం విధించినా, జంషెడ్‌పూర్ ఉన్న జార్ఖండ్ 2000 నవంబరు 15నే వేరుపడినందువల్ల ఆ చట్టం ఈ నగరానికి వర్తించలేదు.

గ్లాసులో జరిగేది

స్కాచ్ అనే పేరు పెట్టాలంటే ఆ మద్యం స్కాట్లండ్‌లోనే తయారై, 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో కనీసం మూడేళ్లు అక్కడే మాగి, సీసాలో 40 శాతానికి తగ్గని ఆల్కహాలుతో ఉండాలని చట్టం. మన దేశంలో విస్కీ పేరుతో అమ్ముడయ్యే సరుకులో ఎక్కువ భాగం బెల్లపు మడ్డి నుండి తీసిన శుద్ధ మద్యానికి కొంత మాల్టు కలిపిన మిశ్రమం. ఐరోపా సమాఖ్య దానిని విస్కీగా గుర్తించదు. బెంగళూరుకు చెందిన అమృత్ సంస్థ 2004లో తన సింగిల్ మాల్టును, అంటే ఒకే తయారీశాలలో మాల్టు బార్లీతో మాత్రమే చేసిన విస్కీని, గ్లాస్గోలోనే తొలిసారి విడుదల చేసి ఆ చిన్నచూపుకు దీటైన జవాబిచ్చింది. స్కాట్లండ్ చలిలో పీపా నుండి ఏటా దాదాపు 2 శాతం ఆవిరైతే, బెంగళూరు వేడిలో 10 నుండి 12 శాతం దాకా పోతుంది. అందుకే ఇక్కడ విస్కీ త్వరగా మాగుతుంది.

విస్కీని ఆస్వాదించే పద్ధతికి శాస్త్రం కూడా అండగా ఉంది. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ 2017లో కంప్యూటర్ నమూనాలతో చేసిన పరిశోధనలో, పొగ వాసననిచ్చే గ్వయకాల్ అనే అణువులు మద్యాన్ని నీటితో పలుచన చేసినప్పుడు ద్రవం పైభాగానికి చేరతాయని తేలింది. కొద్దిగా నీళ్లు కలపగానే పరిమళం విచ్చుకోవడానికి కారణం అదే. అంచు లోపలికి మొగ్గిన చిన్న గ్లాసులో ఒక పెగ్గు పోసి, ముందు వాసన చూసి, కొన్ని చుక్కల నీరు చేర్చి, నాలుక మీద కాసేపు నిలిపి మింగితే తేనె, ఎండు ద్రాక్ష, లవంగం, పొగ వంటి ఛాయలు ఒక్కొక్కటిగా తెలుస్తాయి. ఎక్కువ మంచు వేస్తే చల్లదనం ఆ పరిమళాన్ని అణచివేస్తుంది. అయినా జంషెడ్‌పూర్ పక్కనున్న దల్మా కొండల మీది గాలి కూడా వేడిగా వీచే మే నెలలో సోడా, మంచు కోరుకోవడం తప్పు కాదు.

దిగుమతి స్కాచ్ మీద 150 శాతంగా ఉన్న సుంకాన్ని మొదట 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి తగ్గించాలని 2025 జూలైలో భారత్, బ్రిటన్ కుదుర్చుకున్న వాణిజ్య ఒప్పందం చెబుతోంది. ఒకప్పుడు బంగళాల్లో, క్లబ్బుల్లో మాత్రమే కనబడిన సీసా క్రమంగా మధ్యతరగతి అలమరలోకి చేరుతోంది. సీసాతో పాటు దాని కట్టుబాట్లు కూడా ఇంటికి వస్తున్నాయా అన్నదే అసలు ప్రశ్న. మద్యం ఎంత తక్కువైనా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. కాబట్టి తాగని వారు మొదలుపెట్టడానికి ఏ కారణమూ లేదు. తాగే వారు మాత్రం పని పూర్తయ్యాక, కడుపులో అన్నం ఉండగా, ఇంటివారి పక్కనో స్నేహితుల పక్కనో, పోసిన కొలతతోనే సరిపెట్టుకోవాలి. స్కాచ్ అయినా, హండియా అయినా, తాటికల్లు అయినా మర్యాద సీసా మీది పేరులో లేదు, కొలతను పాటించే మనిషిలో ఉంది. ఈ తూకాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేయడం పాఠకులందరి బాధ్యత.