సరూర్‌నగర్ చెరువు: చేపల ఊపిరి

దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి. నగర్‌కు విజయవాడ రహదారిన పోవునప్పుడు కుడివైపున, ఇళ్ల వెనుక, సరూర్‌నగర్ చెరువు ఉన్నది. దీనిని 1626లో, కుతుబ్‌షాహీల కాలంలో, సేద్యం కొరకు కట్టించినారని చెప్పుదురు. ఊరిపేరు మాత్రం అంత పాతది కాదు. అది నిజాం దివాను అరస్తూజా భార్య సురూర్ అఫ్జాబాయి పేరున వచ్చినదని ప్రతీతి.

ఇట్టి చెరువులు నీటిని నిలువ చేయుటతో ఆగవు. వానకు కొట్టుకొనివచ్చిన ఎరువు సారం, అనగా నత్రజని, భాస్వరం, తూము నీటితో పొలాలకు పోవును. అడుగున మిగిలిన ఒండ్రును వేసవిలో రైతులు బండ్లపై తోలుకొనిపోయెడివారు. వచ్చినది వచ్చినట్లు నేలకు తిరిగిపోయెడిది.

1956లో హైదరాబాదు ఆంధ్రప్రదేశ్‌కు రాజధాని అయిన తరువాత నగరం ఇటువైపు పెరిగినది. ఆయకట్టు భూములలో కాలనీలు లేచినవి. పొలాలు పోయినవి, మురుగు వచ్చినది. ఎరువు వచ్చు దారి పెరిగి, పోవు దారి మూసుకొనిపోయినది. చెరువు చెడుటకు మూలం ఇదే.

చేపలు చచ్చినపుడు ఎవరో విషం కలిపినారని జనులు అనుకొందురు. విషం లేకుండనే చేపలు చావవచ్చును. లీటరు గాలిలో ఆమ్లజని సుమారు 270 మిల్లీగ్రాములుండగా, 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడి గల లీటరు మంచినీటిలో సుమారు ఏడున్నర మిల్లీగ్రాములే కరుగును. చేపకు ఉన్న ఆస్తి అంతే. మురుగును కుళ్ళబెట్టు సూక్ష్మజీవులు అందులో చాల భాగం వాడుకొనును. పొలానికి అందని ఎరువు తిని నాచు, గుర్రపుడెక్క పెరుగును. నాచు పగలు ఎండలో ఆమ్లజనిని విడుచును గాని, రాత్రి తానును దానినే పీల్చును. కనుకనే తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండును.

అన్ని చేపలకు ఒకే గతి పట్టదు. బొచ్చె, రోహు ముందుగా పోవును. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా ఓర్చుకొనును. కొరమీను, మార్పు గాలినే పీల్చగలవు. పెరిగిన కొరమీనును పైకి రానీయకపోయినచో నీటిలోనే ఊపిరాడక చచ్చును! చెరువులో చేపలున్నవి గనుక నీరు మంచిదే అనుట చెల్లదు. ఏ చేపలున్నవో అడుగవలెను.

2003-04 ప్రాంతంలో చెరువును బాగుచేసినపుడు వలసపక్షులు మరల కనబడినవి. కాని మురుగు రాక ఆగలేదు. 2020 అక్టోబరు వానలకు ఎగువ గొలుసుకట్టు చెరువులు పొంగి చుట్టుపట్ల కాలనీలను ముంచినవి.

ఈ ప్రాంతపు నీరు చివరకు మూసీలో చేరును. నాగోలు వద్ద రోజుకు 17 కోట్ల 20 లక్షల లీటర్ల మురుగును శుద్ధిచేయు కేంద్రం ఉన్నది. అయితే సాధారణ శుద్ధిలో కుళ్ళు తగ్గునే గాని నత్రజని, భాస్వరం చాలవరకు మిగులును. దిగువ రైతులు మూసీ నీటిని కత్వల ద్వారా మళ్ళించి వరి, పారాగడ్డి పండించుచు వచ్చినారు. సరూర్‌నగర్ పొలాలకు అందని ఎరువు అక్కడి పొలాలకు అందుచున్నది, రోగక్రిములతో సహా. మిగిలిన నీరు వాడపల్లి వద్ద కృష్ణలో కలిసి సముద్రపు దారి పట్టును.