గాయపాకు: పేర్లు చెప్పే చరిత్ర

చెన్నైలో రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో, కాలేజీ ఆవరణల్లో నేలబారుగా పాకే కలుపు మొక్క ఒకటుంది. పొడవాటి సన్నని కాడ చివర పసుపుపచ్చని నడిమి, చుట్టూ తెల్లని రేకులు. తెలుగులో దీన్ని గడ్డిచామంతి అంటారు, గాయపాకు అనీ అంటారు. తమిళంలో వెట్టుక్కాయప్పూండు, అంటే తెగిన గాయానికి వాడే మొక్క. ఆకు నలిపి పసరు పిండి, గాయంమీద వేసి గుడ్డతో కట్టడం రెండు భాషలవారికీ తెలిసిన వైద్యమే.

ఇది అనాదిగా వస్తున్న మందు అనుకోవడం సహజం. కాని దీని పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతాలు. 1753లో లినేయస్ దీనికి ట్రైడాక్స్ ప్రొకంబెన్స్ అని పేరు పెట్టాడు. 1492కు ముందు మనవాళ్లు దీన్ని ఎరగరు. సుశ్రుతసంహితలో ఈ మొక్క కోసం వెతకడం వృథా. అయితే సుశ్రుతుడు చెప్పిన 60 వ్రణోపక్రమాల్లో పత్రదానం, అంటే పుండును ఆకులతో కప్పడం, ఒకటి. పద్ధతి పాతది, ఆకు కొత్తది.

జనం ఈ కొత్త మొక్కను ఎలా తమదిగా చేసుకున్నారో పేర్లు చెబుతాయి. తెలుగు గాయం, తమిళ కాయం ఒకే మాట. సంస్కృత ఘాత శబ్దం ప్రాకృతంలో ఘాయ అయింది, అక్కడినుంచి మనకు వచ్చింది. తెలుగువారు దానికి ఆకును చేర్చారు, తమిళులు పూండును చేర్చారు. ఒడియావారు ఏకంగా విశల్యకరణి అన్నారు. అది రామాయణంలో హనుమంతుడు తెచ్చిన ఓషధుల్లో ఒకదాని పేరు. ఆ పేరుతో అమెరికా మొక్క త్రేతాయుగానికి చేరిపోయింది! పలక తుడుచుకున్న తెలుగు పిల్లలకు మాత్రం ఇది పలకాకు.

ప్రయోగశాలలు తరవాత వచ్చాయి. గాయాలు మానడంపై దీని ప్రభావాన్ని గురించి 1982లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వ్యాసం వెలువడింది. కొల్లాజెన్ పోగులను బిగించే లైసిల్ ఆక్సిడేజ్ ఎంజైమ్‌పై దీని ప్రభావాన్ని 1991లో పరిశీలించారు. ఇవి జంతువులమీది పరిశోధనలు. మట్టి అంటిన లోతైన గాయానికి ధనుర్వాతం టీకా, డాక్టరు తప్పవు.

ప్రాచీన గ్రంథంలో లేనిదల్లా విలువలేనిదన్నా, విలువైనదల్లా ప్రాచీనమేనన్నా ఈ మొక్క చరిత్ర మనకు అందదు. దాన్ని రాసిపెట్టినవారు లేరు, పేర్లలోనే దాచారు. చెన్నై తెలుగు ఇళ్లలో పెద్దవాళ్లు దీన్ని గాయపాకు అంటారా, తమిళ పేరుతో పిలుస్తారా? విద్యార్థులు అడిగి, ఊరి పేరుతో సహా రాసుకుంటే అది నిఘంటువుకూ వైద్యచరిత్రకూ పనికివస్తుంది.