వాలు బొద్దక్షరం: ఫ్యుటురా ప్రస్థానం

రోమన్ లిపిలో వాలుగా, బొద్దుగా, కొసల్లో అలంకార రేఖలు లేకుండా ఉండే అచ్చక్షరం నేడు అంగళ్ల నామఫలకాల మీదా, గోడపత్రాల మీదా నిత్యం దర్శనమిస్తుంది. అందులోని లక్షణాలు ఒకే కాలంలో పుట్టినవి కావు. వాలు అక్షరం, అనగా ఇటాలిక్, 1501లో వెనిస్ నగరంలో ఆల్డస్ మనూషియస్ ముద్రించిన వర్జిల్ కావ్యసంపుటిలో వెలసింది. చెక్కినవాడు ఫ్రాంచెస్కో గ్రిఫో. నాడది నొక్కి చెప్పడానికి ఉద్దేశించినది కాదు; చేతివ్రాతను పోలి, చిన్న పుస్తకానికి ఒదిగిన అక్షరం. కొసరేఖలు లేని శాన్స్ సెరిఫ్ 1816లో లండన్‌లో నాలుగవ విలియం కాస్లన్ నమూనా పుస్తకంలో కనిపించింది. బొద్దుతనం 19వ శతాబ్దపు ప్రకటనల వ్యాపారం పెంచి పోషించినది.

ఈ లక్షణాలు కలిసిన రూపాలలో ఫ్యుటురా చరిత్ర విలక్షణమైనది. జర్మన్ రూపకర్త పాల్ రెన్నర్ (1878-1956) కల్పించిన ఈ అక్షరాన్ని ఫ్రాంక్‌ఫర్ట్‌లోని బావర్ ఫౌండ్రీ 1927లో విడుదల చేసింది. వృత్తం, త్రిభుజం, సరళరేఖ దానికి ఆధారాలు. లేఖకుని చేతి జాడ లేకపోవడమే దాని ప్రత్యేకత. కనుకనే తరువాత వచ్చిన వాలు రూపంలోనూ ఆకృతులు మారలేదు. నిలువు అక్షరమే పక్కకు ఒరిగింది. ఆ ఒరిగించడం తేలిక కాదు. వృత్తాన్ని యాంత్రికంగా వంచితే గీత ఒకచోట లావెక్కి, మరొకచోట సన్నబడుతుంది. అక్షరం బొద్దయిన కొద్దీ ఆ లోపం కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. కంటితో చూసి సరిదిద్దవలసిందే. కంప్యూటరులో తెలుగు శీర్షికలను ఒక్క మీటతో వంచివేసే మన ముద్రాపకులు గమనించదగిన సంగతి ఇది.

రెన్నర్ 1932లో నాజీల సాంస్కృతిక ధోరణిని ఖండిస్తూ ఒక చిరుపుస్తకం వెలువరించారు. 1933లో ఆయనను నిర్బంధించి, మ్యూనిక్ ముద్రణ విద్యాలయపు అధిపతి పదవి నుంచి తొలగించారు. ఆయన అక్షరం మాత్రం జర్మనీలో అచ్చవుతూనే వచ్చింది. తన స్రష్టను వెలివేసిన పాలనలోనే అది పనిచేసిందన్నమాట!

అర్ధశతాబ్ది గడిచాక దానికి వేరొక గొంతు లభించింది. అమెరికా కళాకారిణి బార్బరా క్రూగర్ 1960లలో పత్రికల పుటలు తీర్చిన అనుభవశాలి. ప్రకటనలు మనలను ఎలా ఆజ్ఞాపిస్తాయో ఆమెకు తెలుసు. 1980లలో నలుపు తెలుపు ఛాయాచిత్రాలపై ఎర్రని పట్టీలు అమర్చి, వాటిమీద ఫ్యుటురా వాలు బొద్దక్షరాలతో చూపరిని సూటిగా సంబోధిస్తూ వాక్యాలు వేశారు. 1989 ఏప్రిల్‌లో గర్భస్రావ హక్కు కోసం వాషింగ్టన్‌లో జరిగిన మహిళా ప్రదర్శనకు ఆమె రూపొందించిన గోడపత్రంలో స్త్రీ ముఖం నిలువునా రెండుగా చీలి, ఒక సగం నెగటివ్‌గా ఉంటుంది. మీద అవే అక్షరాలు. వ్యాపారపు అస్త్రం వ్యాపార సంస్కృతి మీదికే తిరిగింది.

వ్యాపారమూ ఊరుకోలేదు. 1994లో న్యూయార్క్‌లో స్థాపితమైన సుప్రీమ్ అనే దుస్తుల సంస్థ ఎర్ర దీర్ఘచతురస్రంలో తెల్లని ఫ్యుటురా వాలక్షరాలనే తన చిహ్నం చేసుకుంది. 2013లో ఆ చిహ్నాన్ని అనుకరించారంటూ మరో దుస్తుల తయారీదారుపై దావా వేసింది. క్రూగర్ ఆ వ్యవహారాన్ని ఘాటుగా అపహసించారు. 2017లో న్యూయార్క్‌లోనే ఒక స్కేట్‌బోర్డు క్రీడాస్థలిని ఆమె తన ప్రశ్నలతో నింపారు, ఎరుపు మీద తెలుపు అక్షరాలతో.