ఏడిపించడం

క్రియకు ‘ఇంచు’ చేరిస్తే పని ఒకరిది, చేయించేది మరొకరు. పిల్లవాడు ముద్ద ఉమ్మేస్తే ఏ తల్లీ ‘తినిపించాను’ అనదు. ఎదుటివాడు నవ్వకపోతే నవ్వించినట్టు కాదు. ‘ఏడిపించు’కు మాత్రం ఈ పట్టింపు లేదు. కన్నీటి చుక్క రాలకపోయినా ‘ఏడిపించాడు’ అనేస్తాం. మాటలో ఏడుపు ఉండిపోయింది, ఏడ్చే మనిషి జారిపోయింది.

హైదరాబాద్‌లో అబిడ్స్ చాపెల్ రోడ్డులో కాలేజీ వదిలే వేళ అమ్మాయిలెవరూ ఏడవరు. బ్యాగు గుండెలకు అడ్డం పెట్టుకుంటారు. ఇయర్‌ఫోన్లు తీయకుండానే పాట ఆపేస్తారు, వెనక అడుగుల చప్పుడు వినపడాలి కదా. నాంపల్లి స్టేషన్ ముందు బస్సు రాకపోతే ఆటో ఎక్కేస్తారు, ఆ డబ్బు ఎవరి పద్దు? ఇంట్లో చెబితే, ‘ఊరికే ఏడిపించి ఉంటాడు లే’. ఆ ‘ఊరికే’ లేకుండా ఈ క్రియ గడప దాటదు.

పెళ్ళింట్లో బావ మరదల్ని ఏడిపించడానికి వరస ఉంది, ఆమె తిరిగి అంటించడానికీ ఉంది. బస్టాపులో వాడికి ఏ వరసా లేదు. అయినా వరసల మాటే వాడికీ ఇచ్చేశాం. ఇక్కడి ఉర్దూ ఏమంత మెరుగు కాదు: ‘ఛేడ్నా’ అంటే తీగ మీటడం, ఆడపిల్ల జోలికి పోవడం కూడా. ఇంగ్లీషు ‘ఈవ్ టీజింగ్’ సరేసరి. తమిళనాడు 1998లో చట్టానికే ఆ పేరు పెట్టి, తర్వాత మార్చుకుంది.

పత్రికలు వాడే ‘వేధింపు’ నిజాయితీ గలది. దాని వెనకున్న సంస్కృత ‘వేధ’కు గుచ్చడమని అర్థం. అందులో సరదాకు చోటు లేదు. అందుకేనేమో అది ఇళ్ళలోకి రాలేదు.

2014 అక్టోబరులో మొదలైన పోలీసు షీ టీమ్స్, నుమాయిష్ ప్రదర్శన రద్దీలో మఫ్టీలో తిరుగుతూ ఏడిపించేవాళ్ళను వీడియో తీస్తాయి. ‘ఊరికే’ అన్న మాట వీడియోలో కనపడదు.

చట్టం భాష వేరు. 2013లో ఐపీసీలో 354డిగా చేరి, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయసంహితలో 78గా ఉన్న సెక్షన్ ప్రకారం, ఒక స్త్రీ తనకు ఇష్టం లేదని స్పష్టంగా తెలిపినా పదే పదే వెంటపడితే నేరం. ‘ఏడిపించు’ జారవిడిచిన మనిషి ఇక్కడ వాక్యంలోకి వచ్చింది. కానీ ‘స్పష్టంగా’ అంటే ఎంత? తలెత్తకుండా రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ పట్టడం చాలా, చాలదా అన్నది నాంపల్లి కోర్టులో వాదించుకోవలసిందే.