నేసిన అంచు, అంటించిన బొమ్మ

హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే 44వ జాతీయ రహదారి మీద కొత్తకోట ఉంది. అక్కడి మగ్గాలకూ, కంప్యూటర్ తెర మీద వీడియో గేమ్‌లు అమ్మే అంగడికీ పొత్తు కుదరదనిపిస్తుంది. కానీ సరుకు ముఖం చూపించి సరుకును అమ్మే పాత విద్య రెండుచోట్లా ఒకటే. పెద్ద కంపెనీ అండ లేకుండా నలుగురైదుగురు కలిసి చేసిన ఇండీ గేమ్‌కు అంగడిలో కనిపించే ముఖచిత్రమే తలుపు. ఆ చిత్రాన్ని బేరీజు వేసేటప్పుడు రంగులు బాగున్నాయా, కన్ను నిలుస్తోందా అని అడుగుతారు. అడగవలసినవే, కాకపోతే ఆ రెంటితో తీర్పు పూర్తి కాదు. బొమ్మకూ లోపలి ఆటకూ మధ్య అతుకు ఎలా ఉందన్నది వాటికన్నా ముందు చూడాలి. ఆ చూపు ఎలా ఉంటుందో ఈ సీమ నేతగాళ్ల పని చెబుతుంది. ఆ అతుకు తెగితే ఏమవుతుందో గత నూటయాభై ఏళ్ల వ్యాపార చరిత్ర చెబుతుంది.

గద్వాల, కొత్తకోట, రాజోలి, అమరచింత మగ్గాలకు పేరు తెచ్చిన చీరలో ఒళ్లు నూలు, అంచులూ కొంగూ పట్టు. నూలు చెమట పీలుస్తుంది, పట్టు మెరుస్తుంది. రెండింటి బిగువు వేరు, రంగు పట్టే తీరు వేరు. వీటిని ఒకే బట్టగా నిలిపేది కుప్పడం నేత. ఒళ్లుకు ఒక నాడె, రెండు అంచులకు రెండు నాడెలు ఆడతాయి. అంచు పేకపోగు ఒళ్లు పేకపోగును చేరినచోట ఒకదాన్నొకటి మెలేసుకుని వెనుదిరుగుతాయి. చీర పొడవునా ప్రతి వరసలోనూ ఇది జరగాలి. కొంగు దగ్గర పట్టు పడుగును నూలు పడుగుకు పోగు పోగుగా కలపాలి. అంగట్లో మడత పెట్టిన చీరలో పైకి కనిపించేది అంచూ కొంగూ మాత్రమే, ఒళ్లు మడతలో ఉంటుంది. అంటే అంచే చీరకు ముఖచిత్రం. తెలిసినవాళ్లు దాని మెరుపుతో తృప్తి పడరు. మడత విప్పి, అంచు ఒళ్లును కలిసే గీత మీద వేలు పోనిస్తారు, చీరను తిప్పి వెనకవైపు చూస్తారు. అంచు మీద కోటకొమ్మ నమూనా ఎంత ముచ్చటగా లేచినా ఆ గీత దగ్గర ముడత పడితే చీర ధర పడిపోతుంది.

ముఖాన్ని సరుకు నుంచి విడదీసి అమ్మడం మన బట్టల అంగళ్లలోకి పెద్ద ఎత్తున వచ్చింది మాంచెస్టర్ బట్టతోనే. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో అక్కడి నుంచి దిగిన తానుల మీద రంగురంగుల కాగితపు బొమ్మలు అంటించి ఉండేవి. లక్ష్మి, కృష్ణుడు, రాజులు, ఏనుగులు వాటి మీద కొలువుదీరేవారు. అచ్చు అందంగా ఉండేది, జనం వాటిని జాగ్రత్తగా ఊడదీసి దాచుకునేవారు కూడా. ఆ బొమ్మకు ఒక న్యాయమైన ఉపయోగం లేకపోలేదు: చదువు రానివాడు ‘ఆ ఏనుగు బొమ్మ తాను’ అని గుర్తుపట్టి మళ్లీ అడగగలిగేవాడు. కానీ లక్ష్మి బొమ్మ కింద పలచటి బట్ట ఉన్నా, గట్టి బట్ట ఉన్నా బొమ్మలో తేడా రాదు. నేతగాడి అంచు బట్టలోంచి పుట్టింది, ఈ బొమ్మ జిగురుతో వచ్చింది. సరుకు మీద అబద్ధపు గుర్తులూ వివరాలూ వేయడాన్ని నేరంగా చూస్తూ బ్రిటిష్ ఇండియాలో 1889లో మర్చండైజ్ మార్క్స్ చట్టం చేయవలసి వచ్చిందంటే, అంటించిన ముఖాన్ని నమ్మడం ఎంత కష్టమైందో ఊహించవచ్చు.

ముఖం విడిగా తయారైనంత మాత్రాన అది అబద్ధం కానక్కరలేదని తెలుగు అచ్చు ప్రపంచమే తర్వాత నిరూపించింది. చక్రపాణి నడిపిన ‘చందమామ’, ‘యువ’ రెండింటికీ వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు వేశారు. చెయ్యి ఒకటే. అయినా చందమామ అట్ట మీద పురాణ ఘట్టాలు నిలిస్తే, యువ అట్ట మీద పెద్దల పత్రికకు తగిన శృంగార లాలిత్యం కనిపించింది. చిత్రకారుడు తన శైలిని వదులుకోకుండానే ఏ అట్ట వెనక ఏముందో ఎరిగి వేశాడు. సినిమా పోస్టర్‌ది ఇంకో పాఠం. బాపు తీసిన ‘సాక్షి’తో 1967లో ఆ రంగంలోకి వచ్చిన ఈశ్వర్ వంటివారి పనిలో సినిమా పేరు రాసిన అక్షరమే ఒక బొమ్మ. కదిలే బస్సులోంచి చూసేవాడు పేరు చదవడు, అక్షరాల ఆకారాన్ని పట్టుకుంటాడు. ఆ ఆకారంలోనే పౌరాణికమా, సాంఘికమా, జానపదమా అన్న సూచన ఉంటుంది.

వీడియో గేమ్‌ల చరిత్రలో ఇదే సమస్య మొదటి రోజుల నుంచీ ఉంది. 1977లో వచ్చిన అటారీ యంత్రంలో ట్యాంకన్నా, విమానమన్నా నాలుగు గళ్ల ముక్క. ‘కాంబాట్’ ఆట పెట్టె మీద మాత్రం క్లిఫ్ స్పాన్ గీసిన నిండైన యుద్ధ దృశ్యం. ఇది మోసం కాదా అని అడగవచ్చు. కుప్పడం నేత ఇక్కడ జవాబిస్తుంది. అంచు పట్టు అయినంత మాత్రాన నూలు చీర అబద్ధం కాదు. పెట్టె మీద ట్యాంకులు, విమానాలు. ఆటలో చేసేదీ వాటితో పోరే. ముడిసరుకు వేరైనా పోగు కలిసింది. దీనికి ఎదురు ఉదాహరణ 2001 నాటి ‘ఇకో’. కొమ్ములున్న పిల్లవాడు ఒక అమ్మాయి చెయ్యి పట్టుకుని నిర్జనమైన కోటలోంచి బయటపడే ఆట అది. దర్శకుడు ఫుమితో ఉయెదా ఇటలీ చిత్రకారుడు జార్జియో దె కిరికో ప్రేరణతో తానే ముఖచిత్రం గీశాడు: పెద్ద రాతి కట్టడాలు, పొడవాటి నీడలు, పరిగెత్తే రెండు చిన్న ఆకారాలు. జపాన్, యూరప్ అంగళ్లకు అది చేరింది. అమెరికాలో దాన్ని తీసేసి కథానాయకుణ్ణి ముందుకు తెచ్చిన మామూలు సాహసగాథ బొమ్మ పెట్టారు. ఆ బొమ్మలో అబద్ధమేమీ లేదు. ఆ పిల్లవాడు ఆటలో ఉన్నాడు. లేనిదల్లా ఆట ఇచ్చే ఒంటరితనం. మనిషి కలిశాడు, అనుభవం కలవలేదు.

ఇవాళ అంగడి, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ వంటి తెరల మీదికి వచ్చింది. 2024 ఒక్క ఏడాదిలోనే అక్కడ 18 వేలకు పైగా ఆటలు విడుదలయ్యాయి. ఆ రద్దీలో ఆట ముఖం ‘క్యాప్సూల్’ అనే చిన్న బొమ్మ. చాలాకాలం చిన్న క్యాప్సూల్ 231×87 పిక్సెళ్లు, కొన్ని వరసల్లో అదే 120×45కు కుంచించుకుపోయేది. 2024లో ఆ కొలతలను రెట్టింపు చేశారు గానీ వరసలో ఆ బొమ్మకు దక్కే చోటు అగ్గిపెట్టెంతే. గద్వాల చీర అగ్గిపెట్టెలో పడుతుందని చెప్పుకునే మాట ఇక్కడ అక్షరాలా పరీక్ష అవుతుంది: అంత మడిచినా చీర చీరగానే ఉందా? తెలుగు పేరున్న ఆటకు ఈ పరీక్ష మరీ కఠినం. మన అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు. నలభై అయిదు పిక్సెళ్ల ఎత్తులో వాటికి చోటు విడిచిపెడితే అసలు అక్షరం చిక్కిపోతుంది. కాబట్టి పోస్టర్ చిత్రకారుడిలాగా పేరును ముందే ఒక ఆకారంగా గీయాలి, వెనక బొమ్మలో ఒకే రూపం ఉంచాలి. 2022 సెప్టెంబరు 1 నుంచి స్టీమ్ ఈ బొమ్మల మీద సమీక్షల మార్కులు, అవార్డుల పేర్లు, తగ్గింపు ప్రకటనలు నిషేధించింది. ఆట బొమ్మ, పేరు, ఉపశీర్షిక మాత్రమే ఉండాలంది. తాను మీద అంటించిన కాగితాన్ని చింపేయడం లాంటిదే ఇదీ.

ముఖచిత్రంలో అతుకే ముందు చూడాలన్న మాటకు రెండు గట్టి అభ్యంతరాలున్నాయి. మొదటిది: అంత రద్దీలో ముందు కన్ను పడాలి, నిజాయితీ సంగతి తర్వాత. కన్ను పడాలన్నది నిజమే, మెరవడానికే అంచుకు పట్టు వాడారు. కానీ తెర మీది కొనుగోలుదారు బొమ్మ నొక్కగానే పక్కనే ఆడుతున్న దృశ్యాలు చూస్తాడు, కొన్నాక నచ్చకపోతే రెండు గంటలు ఆడకముందే, 14 రోజుల్లోపు డబ్బు వెనక్కి అడగగలడు. మడత విప్పడం ఇంత తేలికైనచోట అతుకు లేని అంచు ఎక్కువసేపు నిలవదు. రెండోది: చిన్న బృందానికి మంచి చిత్రకారుణ్ణి పెట్టుకునే స్తోమత ఉండదు. కానీ ఇక్కడ కోరుతున్నది ఖరీదైన పట్టు కాదు, ఆటలో ఆటగాడు నిజంగా చేసే పనిని ఎంచుకునే వివేకం. అది ఆ ఆట చేసినవాళ్లకే అందరికన్నా బాగా తెలుసు. హైదరాబాదులోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో ‘అసుర’ అనే ఆటను స్టీమ్‌లో పెట్టింది. ఆ పేరు వినగానే తెలుగువాడికి ఒక లోకమే కళ్ల ముందు నిలుస్తుంది. ఆ మాట తెలియని దేశపు ఆటగాడికి ఆ లోకాన్ని చూపే భారమంతా బొమ్మదే. దాచుకున్న పురాణ సంపద మనకున్నంత మాత్రాన చాలదు, అది ఆటలో ఎలా ఆడుతుందో అట్ట మీద తెలియాలి.

కాబట్టి ముఖచిత్రాన్ని కొలిచేవారు మూడు పనులు చేయాలని నా వాదన. అగ్గిపెట్టెంత చేసి, పది ఆటల మధ్య పెట్టి చూడాలి. పేరు కప్పేసి, ఇది ఎలాంటి ఆటో కొత్తవాణ్ణి చెప్పమనాలి. ఆట పూర్తి చేసినవాడికి చూపి, నువ్వు గడిపిన గంటలు ఇందులో ఉన్నాయా అని అడగాలి. మొదటి రెండు మెరుపును కొలుస్తాయి. మూడోది అతుకును కొలుస్తుంది, తీర్పు దానిదే కావాలి. కొత్తకోట మగ్గం మీద నూలూ పట్టూ ప్రతి వరసలో ఒకదాన్నొకటి పట్టుకునే ఆ సన్నటి గీత దూరానికి కనిపించదు. చీర ఎన్నాళ్లు మన్నుతుందో తేల్చేది అదే.